బానెట్ దించి చూసిన మా వదిన

మా వదిన మొండిఘటం. పెళ్లయి మా ఇంటికొచ్చిన వారంలోనే ఆ సంగతి నాకు తెలిసింది. ముందుగదిలో కిటికీ పక్కన నా మంచం ఉండేది. ఆమె తన కుట్టుమిషన్ తెచ్చి అక్కడే పెడతానంది. "వెలుతురు ఇక్కడే బాగుంది" అంది, అంతే, ఇంకో మాట లేదు. నేను ఒంటికాలి మీద లేచాను. అన్నయ్య దగ్గర ఏడ్చాను. ఒక పూట తిండి మానేశాను. మిషన్ అంగుళం కదల్లేదు, నా మంచమే వెనకగదికి పోయింది. ఆ కోపం నాకు నాలుగేళ్లు ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇప్పుడు అదే మొండితనాన్ని మెచ్చుకుంటూ రాయాల్సి రావడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది.

అన్నయ్య మెకానిక్కు. ఇంటికి రెండు వీధుల అవతల, స్కూలు ప్రహరీగోడకు ఆనుకుని ఆయన రేకుల షెడ్డు. రెండు కార్లు పడతాయి. మూడోది వస్తే మొదటిది బయటికి రావాలి. ఇరవై రెండేళ్లు ఆ షెడ్డును ఆయన పనివాణ్ని పెట్టుకోకుండా నెట్టుకొచ్చాడు. షెడ్డులో ఆయన పెట్టిన నియమం ఒక్కటే: బండి వచ్చి ఆగగానే బానెట్ లేవాలి, ఓనరు నోరు తెరవకముందే. "వాళ్లు చెప్పేది వింటూ కూర్చుంటే మనం దారి తప్పుతాం. బానెట్ ఎత్తితే ఇంజనే చెప్తుంది" అనేవాడు. ఆ వీధిలోకి తిరిగే ప్రతి డ్రైవరుకూ అది అలవాటైపోయింది. బ్రేకు మీద కాలు ఉండగానే చెయ్యి కిందికి పోయి బానెట్ లివరు లాగేసేది. నాకూ అంతే.

వదిన షెడ్డులోకి మెల్లగా వచ్చింది. రెడీమేడ్ బట్టలు వచ్చాక కుట్టుపని తగ్గింది. ఓ మధ్యాహ్నం అన్నయ్యకు భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్లి, చిరిగిన సీటు కవరు చూసి ఊరుకోలేక అక్కడే కూర్చుని కుట్టేసింది. మర్నాడు ఇంకో కవరు. తర్వాత లైటు పట్టుకోవడం, తర్వాత స్పానర్లు అందివ్వడం, ఆ తర్వాత అన్నయ్య లావు వేళ్లు దూరని చోట తన సన్నటి వేళ్లు దూర్చి నట్టు తీసివ్వడం. మూడేళ్లు తిరిగేసరికి బ్రేకులు ఆమె చేస్తుంటే అన్నయ్య టీ తాగుతూ చూస్తుండేవాడు. నేను నవ్వేదాన్ని. వీధిలో వాళ్లు ఆమెకు కుట్టు మెకానిక్కు అని పేరు పెట్టారు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

అయిదు నెలల కిందట ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఉంటే అన్నయ్య చేతిలోంచి రేజరు జారి కింద పడింది. వంగి తీసుకోబోయి ఆయన కూడా పడ్డాడు. పక్షవాతం. మాట తిరిగొచ్చింది, కాలు కర్ర సాయంతో తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక కుట్టుమిషన్ పక్కన కుర్చీ వేసుకుని కిటికీలోంచి వీధిని చూడటం మొదలుపెట్టాడు. షెడ్డు వైపు కన్నెత్తి చూడలేదు. పదిహేనో రోజున వదిన గోడకున్న తాళంచెవి తీసుకుని, ఒక్కతే వెళ్లి షట్టరు ఎత్తింది. అన్నయ్య వెళ్లమనలేదు, వద్దనలేదు.

ఇక నా కారు సంగతి. నేను ఇళ్లకు వెళ్లి రక్తం నమూనాలు తీసుకుని ల్యాబుకు చేరుస్తాను. పొద్దున ఆరింటికి బయల్దేరితే పదింటిలోగా ఐసుపెట్టె ల్యాబులో ఉండాలి. ఒక్క అరగంట ఆలస్యమైనా పరగడుపున సూది పొడిపించుకున్న వాళ్లందరికీ మళ్లీ పొడవాలి. అందుకే అన్నయ్య నాకో పాత చిన్న కారు చూసిపెట్టాడు. మూడు సిలిండర్ల ఇంజను, మనిషి నడిస్తే వచ్చినంత చప్పుడు. అన్నయ్య పడిపోవడానికి వారం ముందు నేను దాన్ని ఒక గేటుకు గుద్దాను. బానెట్ మడత పడింది. ఆయన తుక్కు దుకాణం నుంచి వేరే బానెట్ తెచ్చి బిగించాడు. దానికి లోపలివైపు చిన్న చీలిక ఉంటే ఇనప పట్టీ కూడా వేశాడు. ఆ రోజు బోల్టు రెండుమూడుసార్లు ఆయన చేతిలోంచి జారి పడింది. "ముసలాడివైపోతున్నావు అన్నయ్యా" అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. ఆయన షెడ్డులో చేసిన చివరి పని అదే.

నాలుగు నెలలు కారు బాగానే నడిచింది. కిందటి నెల మిస్సింగ్ మొదలైంది. వంతెన ఎక్కుతుంటే కారు దగ్గుతుంది. స్టీరింగు వణుకుతుంది. మూడు కాళ్ల మీద నడుస్తున్న కుర్చీలా ఒళ్లంతా కుదిపేస్తుంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణుకుమిణుకుమంటుంది. అలాగే ఈడ్చుకుంటూ షెడ్డుకు వస్తాను. లివరు లాగుతాను, వదిన బానెట్ ఎత్తుతుంది, ఇంజను పిల్లిలా గుర్రుమంటూ ఉంటుంది. వణుకూ లేదు, దగ్గూ లేదు. పోకిరీ పిల్లాడు హెడ్మాస్టరు గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డట్టు. నాకు ఒళ్లు మండిపోయేది.

వదిన వరసగా చూసుకుంటూ వచ్చింది. స్కానరు అడిగి తెచ్చి పెడితే, మిస్సవుతోంది రెండో సిలిండరని చెప్పింది. ఆమె రెండో ప్లగ్గు తీసి ఒకటో దాంట్లో వేసింది, ఒకటోది రెండో దాంట్లో. ప్లగ్గు పాడైతే జబ్బు కూడా దాంతోపాటు ఒకటో సిలిండరుకు పోవాలి కదా. పోలేదు, రెండులోనే ఉంది. నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లను అలాగే అటూ ఇటూ మార్చింది. జబ్బు రెండులోనే. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చింది. రెండులోనే. తీగలు లాగి చూసింది, వంచి చూసింది, మీటరు పెట్టి చూసింది. అన్నీ బాగున్నాయి.

సోమవారం సాయంత్రం ఈ సంగతంతా అన్నయ్యకు చెప్పింది. అప్పుడు ఇంట్లో టైర్లాయన కూడా ఉన్నాడు. చౌరస్తాలో ఆయనకు టైర్ల కొట్టుంది. మా షెడ్డు తీసుకుంటే రెండో కొట్టు పెట్టుకుందామని నెలరోజులుగా మా గుమ్మం అరగదీస్తున్నాడు.

"వాల్వు కాలింది" అన్నాడు అన్నయ్య, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. "హెడ్డు దించాలి." అంటే ఇంజను పైభాగమంతా విప్పదీయడం.

"కంప్రెషన్ గేజి పెట్టి చూశానండీ. ఒత్తిడి మూడు సిలిండర్లలోనూ సమానంగానే ఉంది."

"గేజి నిలబడ్డ బండి మీద చెప్తుంది. వంతెన ఎక్కేటప్పుడు లోడు పడితే ఏమవుతుందో దానికేం తెలుసు. అన్నీ మార్చి చూశావు, ఇంకేం మిగిలింది? హెడ్డే."

అన్నయ్య కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "హెడ్డు దించి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడం నీకింకా రాదు. నావల్ల ఇక కాదు. హెడ్డు దించలేని షెడ్డు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

టైర్లాయన గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రి చెప్పింది నిజం చెల్లెమ్మా. నీకెందుకీ గ్రీజు బాధ? హాయిగా నీడపట్టున కుట్టుకోక."

అన్నయ్య కాదనలేదు. శనివారం వచ్చి తాళంచెవి తీసుకెళ్లమని టైర్లాయనకు చెప్పాడు. నేను వదిన మొహం చూశాను. ఎర్రబడలేదు, పాలిపోలేదు. నా మంచం ఉన్న చోటు చూపించి వెలుతురు బాగుందన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"హెడ్డు కాకపోతే?" అంది.

"కాకపోతే ఏంటి?"

"శనివారం దాకా టైముంది కదా. హెడ్డు దించకుండా ఆ మిస్సింగ్ పోగొడితే షెడ్డు నాకు ఉంచండి. మళ్లీ ఎవరూ తాళంచెవి అడక్కూడదు."

టైర్లాయన నవ్వబోయి, మాలో ఎవరూ నవ్వకపోయేసరికి టీ కప్పు వెతుక్కున్నాడు. "సరే" అన్నాడు అన్నయ్య. ఆ సరేలో నమ్మకం ఏ కోశానా లేదు. విసిగిపోయిన మనిషి వదిలించుకోవడానికి అన్న మాట అది.

మంగళవారం ఆరింటికి నేను తలుపు తీసేసరికి వదిన కారు దగ్గర నిలబడి ఉంది, చంకలో పాత కొలతల పుస్తకంతో. మెడ, భుజం, నడుము, చేతి పొడవు అని గళ్లు గీసి ఉన్న పుస్తకం. ఆ గళ్లమీదే కొత్త మాటలు రాసుకుంది: ఎక్కడ, ఏ గేరు, ఇంజను చల్లగానా వేడిగానా, ఏసీ ఉందా లేదా. నా పక్కసీట్లో కూర్చుంది. నేను ఒక్కో ఇంట్లోకి వెళ్లి సూది పొడిచి వచ్చేదాకా కార్లోనే ఉండేది. కారు దగ్గిన ప్రతిసారీ ఒక గీత. నేను కబుర్లు చెప్పబోతే "ఆగు" అనేది. దారి పొడుగునా ఆ "ఆగు" తప్ప ఇంకో మాట లేదు.

బుధవారం నాటికి రెండు పేజీలు నిండాయి. ఆ సాయంత్రం ఆమె పుస్తకం నా ముందు తెరిచి వేలు పెట్టి చూపించింది. "ఇది చూడు. రైలు గేటు దగ్గర. ఇది కూడా. రెండుసార్లూ బండి నిలబడి ఉంది. లోడు లేదు, గేరు లేదు. అయినా మిస్సయింది. మరి లోడు పడితేనే వాల్వు అన్నారు కదా మీ అన్నయ్య?"

"అయితే వాల్వు కాదా?"

"కాదు. నిలబడి ఉన్నా మిస్సవుతోంది. మరి షెడ్డులో నిలబడితే ఎందుకు మిస్సవదు?"

గురువారం నేను ల్యాబు నుంచి తిరిగొచ్చాక సాయంత్రం దాకా ఆమె షెడ్డులో బానెట్ ఎత్తుకుని ఇంజను మీదే పడుకున్నంత పని చేసింది. గంటన్నరసేపు ఇంజను ఆపకుండా నడిపింది. ఎర్త్ తీగ విప్పి గరుకు కాగితంతో రుద్దింది. కాయిళ్ల మీదున్న ప్లాస్టిక్ కనెక్టర్లను ఒక్కొక్కటీ కదిపింది. రెండోదాని క్లిప్పు కొంచెం వదులుగా ఉందని దారంతో కట్టింది కూడా. ఇంజను గుర్రుమంటూనే ఉంది. మర్యాదస్తుడిలా.

ఆ సాయంత్రం నేను బయటికి తీసి నాలుగు వీధులు దాటానో లేదో, మళ్లీ దగ్గు. ఆ పొద్దునే ల్యాబులో పెద్దాయన పిలిచి, మీ బండి సంగతి తేల్చుకోండి లేకపోతే మీ రూటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని చెప్పాడు. ఆ ఉక్రోషమంతా నా నోట్లోనే ఉంది. కారు తిప్పి షెడ్డుకొచ్చి తలుపు ధడాలున వేశాను.

"పెద్ద వర్క్‌షాపుకి తీసుకుపోతాను వదినా. నీ పంతానికి నా ఉద్యోగం పోయేలా ఉంది. ఇంతకంటే నువ్వు బట్టలు కుట్టుకోవడమే నయం."

అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. టైర్లాయన అన్న మాటే నేనూ అన్నాను. వదిన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మా ఇంటికొచ్చిన పద్నాలుగేళ్లలో నేను వాటిని చూడటం అదే మొదటిసారి. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది.

"రేపు ఒక్కరోజు" అంది. "ఆరింటికి వస్తా."

శుక్రవారం ఆఖరి నమూనా కూడా ల్యాబులో ఇచ్చేసి తిరిగొస్తుంటే, షెడ్డు వీధి మలుపులోనే కారు వణకడం మొదలైంది. అలాగే షెడ్డులోకి తోలాను. బ్రేకు మీద కాలుండగానే నా చెయ్యి కిందికి పోయింది.

"ముట్టుకోకు" అంది వదిన.

"ఏంటి?"

"లివరు మీంచి చెయ్యి తియ్యి. ఇంజను ఆపకు. ఊరికే కూర్చో."

తీశాను. ఇద్దరం సీట్లలో కూర్చున్నాం. అద్దాలు వణుకుతున్నాయి, డాష్‌బోర్డు మీద నా పెన్ను దొర్లుతోంది. ఒక్కసారిగా నాకు వెలిగింది. మేం షెడ్డు లోపల ఉన్నాం, కారు నిలబడి ఉంది, అయినా మిస్సవుతోంది. నెలరోజుల్లో ఒక్కసారి కూడా షెడ్డులో జరగని పని అది.

"ఇప్పుడు లాగు" అంది.

లివరు లాగాను. టక్కుమని బానెట్ వేలెడంత పైకి లేచింది. ఎవరూ ఇంకా దాన్ని ముట్టుకోనైనా లేదు, వణుకు ఆగిపోయింది. వదిన దిగి బానెట్‌ను కిందికి నొక్కి మూసింది. కాసేపు ఏమీ లేదు. నేను కొద్దిగా రేజు చేశాను. దగ్గు మళ్లీ మొదలైంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. మూస్తే జబ్బు, ఎత్తితే ఆరోగ్యం.

వదిన పుస్తకంలో ఏదో రాసుకుంది. "చొక్కా బల్ల మీద పరిచి చూస్తే ఎక్కడా పట్టదు" అంది. "తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, చేతులెత్తితేనే తెలుస్తుంది ఎక్కడ పడుతోందో. ఇన్నేళ్లు కుట్టాను, ఇంత చిన్న సంగతి తట్టలేదు చూడు. ఈ బండిని మనం రోజూ గుండీలు విప్పి చూస్తున్నాం."

తట్టకపోవడం ఆమె తప్పేం కాదు. బానెట్ మూసి ఉండగా ఇంజను చూడాలని ఏ మెకానిక్కుకు తడుతుంది? నా లాంటి ఏమీ తెలియని మనిషైతే ఏనాడో అడిగి ఉండేదేమో, కానీ నేనూ ఆ షెడ్డు అలవాటులోనే పెరిగాను.

మూసిన బానెట్ కింద ఏం జరుగుతోందో చూసేదెలా? ఆమె ఇంటికి వెళ్లి మిషను సొరుగులోంచి బట్టల మీద గీతలు గీసే నీలం సుద్ద తెచ్చింది. కాయిళ్ల మీదున్న మూడు కనెక్టర్ల నెత్తినా దట్టంగా రుద్దింది. బానెట్ మూసి, గట్టిగా ఒకసారి నొక్కి, ఎత్తింది. ఇద్దరం తలలు వంచి బానెట్ లోపలివైపు చూశాం. దుమ్ముపట్టిన రేకు, దాని మీద ఇనప పట్టీ, పట్టీకి రెండు బోల్టులు. ఒక బోల్టు పొట్టిది. రెండోది నట్టు దాటి చిటికెన వేలంత కిందికి పొడుచుకొచ్చి ఉంది. దాని కొస నీలంగా ఉంది.

నాకు ఆ పట్టీ తెలుసు. ఆ బోల్టులు బిగించినప్పుడు పక్కన నిలబడి టీ తాగింది నేనే. బానెట్ మూసిన ప్రతిసారీ ఆ కొస రెండో కనెక్టరును నొక్కుతూ వచ్చింది. నాలుగు నెలలు ఓర్చుకుని దాని క్లిప్పు విరిగింది. అప్పట్నుంచీ మూస్తే పక్కకు ఒరిగి లోపలి పట్టు వదిలేస్తోంది, ఎత్తితే మళ్లీ సర్దుకుంటోంది. ఇంతే కథ. ఈ మాత్రానికి అన్నయ్య హెడ్డు దించమన్నాడు, షెడ్డు ఇచ్చేయమన్నాడు.

"ఉండు, ఇప్పుడే వెళ్లి చెప్తా" అన్నాను. "తను చేసిన నిర్వాకానికి నిన్ను కుట్టుకోమంటాడా? ఆ టైర్లాయన ముందే చెప్తా."

"చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? ఆయన్ని వెనకేసుకొస్తున్నావా? అయితే ఆ బోల్టు కోసేసి, తీగ వదులైందని చెప్పు. తాళంచెవి నీదే, ఆయన పరువూ నిలబడుతుంది."

వదిన రంపం బ్లేడు వైపు చూసింది. నిజంగానే చూసింది. రెండు నిమిషాల పని అది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"కోసేస్తే నేను గెలిచినట్టే. కానీ వచ్చే నెల ఇంకో బండి వస్తుంది, మళ్లీ కిటికీలోంచి హెడ్డు అంటారు. ఆయన ఇక్కడికి రావాలి. నేనూ చెప్పను, నువ్వూ చెప్పకు. ఆయన చేత్తోనే చూడనీ."

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి అన్నయ్య ముందు చెప్పులు పెట్టింది. "దొరికింది. వచ్చి చూడండి" అంది. ఆయన రానన్నాడు. కాలు నొప్పన్నాడు. రేపన్నాడు. ఆమె బతిమాలలేదు, కోప్పడలేదు. చెప్పుల పక్కనే నేల మీద కూర్చుంది. అరగంటో, ముప్పావుగంటో కూర్చుంది. చివరికి ఆయన కర్ర అందుకున్నాడు. ఆ మొండితనం ఎవరి మీద పడినా వాళ్ల గతి అంతేనని నాకు ముందే తెలుసు.

అయిదు నెలల తర్వాత అన్నయ్య షెడ్డులోకి అడుగుపెట్టాడు. గోడకు వరసగా తగిలించి ఉన్న స్పానర్లు చూసి ఆగాడు. ఆయన పెట్టిన వరసే, ఒక్కటీ తారుమారు కాలేదు. వదిన ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి ఇంజను నడిపించింది, బానెట్ మూసి ఉండగానే. కారు వణికింది. ఆయన చూపు అలవాటుగా లివరు మీదికి పోయింది.

"ఎడంచేత్తో లాగండి" అంది వదిన.

లాగాడు. వణుకు ఆగింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. వదిన బానెట్ మూసింది, వణుకు వచ్చింది. ఆయనే మళ్లీ లాగాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే దిగి, కర్రను బంపరుకు ఆనించి, బానెట్ కింద తల పెట్టాడు. ఎడంచేత్తో లోపలి రేకును తడుముకుంటూ పట్టీ దాకా వచ్చాడు. పొట్టి బోల్టు తగిలింది, దాటాడు. పొడుగుది తగిలింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. వేలు బయటికి తీసి చూసుకుంటే నీలంగా ఉంది.

గోడ అవతల స్కూలు గంట మోగింది. దెప్పడానికి నేను పొద్దుట్నుంచీ సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"నా పనే ఇది" అన్నాడు అన్నయ్య.

"అవునండీ" అంది వదిన.

"పొట్టి బోల్టులు రెండున్నాయి ఆ రోజు. మొదటిది ఎలాగో పెట్టా. రెండోది వేళ్లలో నిలబడలేదు. మూడుసార్లు పడిపోయింది. చెయ్యి అప్పటికి నాలుగు రోజుల్నుంచి తిమ్మిరి. పొడుగుదైతే పట్టు దొరికిందని అదే బిగించేశా. తర్వాత కోద్దామనుకున్నా." నీలం వేలును చొక్కాకు తుడుచుకున్నాడు. "చెయ్యి ఆడట్లేదని మీకెవరికీ చెప్పలేదు. మెకానిక్కుకి చెయ్యి పోయిందంటే ఇంకేం ఉంటుంది?"

ముసలాడివైపోతున్నావు అని నేను నవ్విన రోజు అది. ఆ బోల్టు రెండోసారి జారినప్పుడే నేను ఆయన చెయ్యి పట్టుకుని చూడాల్సింది. రోజూ పదిమంది చేతులు పట్టుకుని నరం వెతికే దాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా? పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

వదిన ఏడవలేదు. కోపంగా ఉంది. అయిదు నెలల్లో మొదటిసారి ఆమె గొంతు పెరగడం విన్నాను. "ముందే చెప్పి ఉంటే ఆ బోల్టు నేను బిగించేదాన్ని కదండీ. ఆస్పత్రికీ ఆ రోజే వెళ్లేవాళ్లం. నా వేళ్లు ఎందుకున్నాయి మరి?"

వదిన రంపం బ్లేడు తీసి అన్నయ్య ఎడంచేతిలో పెట్టి, బోల్టును తను పట్టుకారుతో బిగించి పట్టుకుంది. ఆయన కోశాడు. ఎడంచెయ్యి కాబట్టి రెండు నిమిషాల పని పావుగంట పట్టింది. బ్లేడు నాలుగుసార్లు పక్కకు జారి ఒకసారి వదిన వేలికి తగిలింది. ఆమె చెయ్యి తియ్యలేదు. ముక్క కింద పడ్డాక వదిన కొత్త కనెక్టరు వేసి, బానెట్ మూసి, నన్ను వంతెన దాకా వెళ్లి రమ్మంది. వంతెన ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. పసుపు దీపం వెలగలేదు.

శనివారం టైర్లాయన తన వ్యానేసుకుని వచ్చాడు. షెడ్డు ముందు అన్నయ్య ముక్కాలిపీట మీద కూర్చుని ఉండటం చూసి ఆయన మొహం వికసించింది. "తాళంచెవి మీరే ఇద్దామని వచ్చారన్నమాట" అన్నాడు. వ్యాను ఇంజను కూడా ఒకపక్క టకటకమంటోంది. "ఎలాగూ వచ్చా, ఇదేంటో కాస్త చూడు మేస్త్రీ" అంటూ అలవాటు కొద్దీ లివరు లాగి, దిగి బానెట్ ఎత్తాడు.

"దించు" అన్నాడు అన్నయ్య.

"ఏంటి?"

"బానెట్ దించు. మేస్త్రి ఇంకా వినలేదు."

"మేస్త్రివి నువ్వేగా."

అన్నయ్య ఎడంచేత్తో లోపలికి చూపించాడు. వదిన బయటికొచ్చి, టైర్లాయన్ని దాటుకుని వెళ్లి వ్యాను సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. టైర్లాయన ఆమెను చూశాడు, అన్నయ్యను చూశాడు, తర్వాత బానెట్ దించాడు. తాళంచెవి మాట మళ్లీ ఎత్తలేదు.

"ఏవండీ, రాసుకోండి" అంది వదిన కిటికీలోంచి. "నిలబడి ఉంది. ఇంజను వేడిగా ఉంది."

అన్నయ్య కొలతల పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, పెన్ను ఎడంచేతిలోకి తీసుకుని, మొదటి గడిలో వంకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు.